ఒకే సేవా గంటలు రెండు అవార్డులకి రాయొచ్చా?

చీపురుపల్లి నుంచి ఈమధ్యే అమెరికా వచ్చిన తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, మా పాప తొమ్మిదో గ్రేడు. శనివారాలు ఫుడ్ బ్యాంకుకి వెళ్తోంది. ఆ గంటలు స్కూల్లో ఇస్తున్నాం. అవే కాంగ్రెషనల్ అవార్డుకి కూడా రాస్తే దొంగలెక్క అవదా?"

అవదు తమ్ముడూ. రెండు వేర్వేరు సంస్థలు ఒకే పనిని గుర్తిస్తే అందులో తప్పేం లేదు, వాళ్ల వాళ్ల రూల్స్ ఒప్పుకుంటే చాలు. ఒకే సంస్థ దగ్గర ఒకే గంటని రెండు గడుల్లో రాస్తేనే దొంగలెక్క.

కాంగ్రెషనల్ అవార్డునే చూడు. 1979లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి యువత కోసం పెట్టిన అవార్డు ఇది. గోల్డ్ మెడల్ కావాలంటే సేవ 400 గంటలు, వ్యక్తిగత అభివృద్ధి 200, వ్యాయామం 200, పైగా ఒక యాత్ర. స్కౌట్స్‌లాంటి చోట చేసిన సేవ ఇక్కడా రాసుకోవచ్చు. కానీ మీ పాప చిన్నపిల్లలకి ఊరికే కూచిపూడి నేర్పిందనుకో, ఆ గంట సేవ కింద రాస్తే మళ్లీ వ్యాయామం కింద రాయకూడదు. మార్కులో క్రెడిటో వచ్చే క్లాసు పని సేవ కింద చెల్లదు. అన్నిటికంటే ముఖ్యం, పేరు నమోదైన తేదీకి ముందు చేసినవి లెక్కలోకి రావు. పదమూడున్నర ఏళ్లు నిండితే చేరొచ్చు కాబట్టి, గంటలు పోగయ్యాక చూద్దాంలే అని కూర్చోకుండా ముందు ఆ పని చెయ్యి.

స్కౌట్స్‌లో కొంచెం తేడా. ఈగిల్ (అక్కడ అన్నిటికంటే పై ర్యాంకు) కోసం చేసే సేవా ప్రాజెక్టుకి ఇన్ని గంటలని కనీస లెక్కేం లేదు, పిల్లాడు దగ్గరుండి నడిపించాడా లేదా అన్నదే చూస్తారు. ఒకే ప్రాజెక్టు మీద ఇద్దరికి ఈగిల్ ఇవ్వరు, కవలలైనా సరే ఎవరిది వాళ్లదే. సాయానికి వెళ్లిన పిల్లలు మాత్రం స్కౌట్‌మాస్టర్ సరేనంటే ఆ గంటల్ని తమ ర్యాంకుకి వాడుకోవచ్చు. ఇంగ్లాండులో ఉన్న మనవాళ్లు అక్కడి యువతకిచ్చే డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా అవార్డు గురించి అడుగుతుంటారు, అక్కడా కాంగ్రెషనల్ అవార్డులాగే ఒక పని ఒక సెక్షన్‌కే, పైగా సంతకం పెట్టేది ఇంట్లోవాళ్లు కాకూడదు.

వాట్సాప్‌లో ఇంకా తిరుగుతున్న ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు మెసేజ్‌లు చూసి ఆశపడకండి. 2025లో దాన్ని నిలిపేశారు. నడిచిన రోజుల్లో కూడా పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే ఇచ్చేవారు, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లలకి లేదు.

ఇక సెలవుల సంగతి. మాది రాజాం (కొత్త జిల్లాలొచ్చాక విజయనగరంలో కలిపారు గానీ, అడిగితే ఇప్పటికీ శ్రీకాకుళం అనే నోటికొస్తుంది). అక్కడ బడులు జూన్ 12కి తెరుస్తారు, ఇక్కడి పిల్లలకేమో ఆగస్టు దాకా సెలవులు. తాతగారి ఊరి బడిలో ఇంగ్లీషు చదివిస్తే మంచి సేవే. చిక్కంతా కాగితం దగ్గరే వస్తుంది. మన హెచ్ఎంలది పెద్ద మనసు. సంతకం కోసం వెళ్తే పెన్ను మూత తీసి, "ఎన్ని గంటలు రాసీమంటారు బాబూ, వంద చాలా?" అని అడుగుతారు. ప్రేమతోనే అంటారు, కాదనడానికి మొహమాటం కూడానూ. అయినా వద్దనండి. లెటర్‌హెడ్ మీద మొత్తం కలిపి వంద గంటలని ఒక్క లైను ఉంటే చదివేవాడికి అనుమానం రాక ఏమొస్తుంది? దానికి బదులు చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టి, "జూలై 8, ఉదయం 9.30 నుంచి 11.45, రెండో తరగతి, బొమ్మల కథ చదివించడం" అని ఏ రోజుది ఆ రోజే రాయించి, పక్కన పొడి సంతకం తీసుకోండి. మన ఊళ్లలో వెతికితే అందరూ చుట్టాలే కదా, హెచ్ఎంగారు మీ మేనమామ అయితే వేరే టీచరు చేత పెట్టించండి. అసలు ఇండియాలో చేసే పని చెల్లుతుందా అని టికెట్లు కొనకముందే అవార్డు అడ్వైజర్‌కి (అవార్డు పనిలో పాపకి దారి చూపించే పెద్దవాళ్లకి) మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. అరసవల్లి దర్శనానికి వెళ్లిన రోజుని సేవలో కలిపే తెలివి మాత్రం చూపించొద్దు.

స్కూల్ గంటలు వేరే సంగతి. మేం ఉండే మేరీల్యాండ్‌లో హైస్కూల్ పాసవ్వాలంటే 75 గంటలు, కెనడాలోని ఒంటారియోలో 40. వాటికి స్కూలువాళ్ల ఫారం స్కూలువాళ్లదే, అవార్డు కాగితం చూపిస్తామంటే కుదరదు. నోటుబుక్కు ఒక్కటే ఉన్నా ఫారాలు విడివిడిగా నింపాల్సిందే. ఎవరైనా అడిగితే రెండుచోట్లా ఇచ్చామని దాచకుండా చెప్పమను పాపకి, టెన్షన్ అక్కర్లేదు.

కాలేజీకి అప్లై చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి ఒకే ఫారంతో అప్లై చేసే సైటు) యాక్టివిటీలకి పది గడులుంటాయి, ఫుడ్ బ్యాంకుని అక్కడ ఒక్కసారే రాయాలి. స్కూల్ పేరుతో ఒకటి, అవార్డు పేరుతో ఒకటి అని విడగొడితే వారానికి ఎన్ని గంటలన్న లెక్క రెట్టింపై, పిల్ల నిద్రపోయిందా లేదా అని కాలేజీవాళ్లకే డౌటొస్తుంది. అవార్డు వస్తే ఆనర్స్ కింద వేరే ఐదు గడులున్నాయి, అక్కడ వెయ్యండి.