సముద్రం ఎడమవైపు ఉండాలి

హాలు కిటికీకి నగరం ఫొటో ముద్రించిన తెర వేయించాలనుకుంటున్నాను, న్యూయార్క్ బాగుంటుందా, పారిస్ బాగుంటుందా అని అడిగారు. రెండూ వద్దు. మీరు పుట్టి పెరిగిన ఊరిదో, మీ పెద్దవాళ్లు బతుకంతా గడిపిన ఊరిదో వేయించండి.

మాది విశాఖపట్నం. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాం. రెండేళ్ల క్రితం, కైలాసగిరి మీద నుంచి ఊరివైపు తిరిగి నేనే తీసిన ఫొటోను ఐదడుగుల రోలర్ బ్లైండ్ మీద వేయించాను. ఒడ్డు వంపు, నురగ గీత, దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. పదిరోజుల తర్వాత నాన్నగారు వచ్చారు. ముప్పై ఏళ్లు పోర్టులో పనిచేసిన మనిషి. చేతిలో సంచి కింద పెట్టకుండానే తెర ముందు ఆగి, "ఏరా, సముద్రం ఇటు వచ్చిందేమిటి?" అన్నారు.

నిజమే. అక్కడి నుంచి ఊరిని చూస్తే సముద్రం ఎడమచేతి వైపు ఉండాలి. కొండ ముక్కు కూడా అటే సాగాలి. తెర మీద అంతా అద్దంలో చూసినట్టు తిరగబడింది. ఒక్క బోర్డు, ఒక్క అక్షరం లేని ఫొటో కాబట్టి ఎవరికీ తెలియలేదు.

పాలియెస్టర్ గుడ్డ మీద ముద్రణ ఇలా జరుగుతుంది: బొమ్మను ముందు కాగితం మీద తిరగేసి అచ్చువేస్తారు. ఆ కాగితాన్ని గుడ్డకు అదిమి సుమారు 200 డిగ్రీల వేడి పెడితే రంగు ఆవిరై దారంలోకి ఇంకుతుంది. కాగితం మీద తిరగేయడం మరచిపోతే గుడ్డ మీద తిరగబడుతుంది. ముద్రించినవాడికి ఫోను చేస్తే, "సముద్రమే కదండీ, ఎటున్నా ఒకటే" అన్నాడు. ఆ మాటకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. పట్టుబట్టి మళ్లీ వేయించాను.

అసలు ఏ దుకాణానికి వెళ్లినా అదే బ్రూక్లిన్ వంతెన, అదే ఈఫిల్ టవర్, నలుపు తెలుపు బొమ్మలో ఎర్రగా ఒక్క లండన్ బస్సు. దిండు గలీబుల మీదా అవే. ప్రకాశం బ్యారేజీ ఏం తక్కువ? రాజమండ్రి గోదావరి వంతెనలు ఏం తక్కువ? అడిగితే "ఎవరూ కొనరండీ" అంటారు. అమ్మకానికి పెట్టకుండా ఎవరు కొంటారు?

ఇంకో మాట. కుచ్చిళ్లు పడే కర్టెన్ మీద నగరం వేయించకండి, సగం ఊరు మడతల్లోకి పోతుంది. చదునుగా దిగే బ్లైండే మేలు. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే వివరం పోతుంది, డాక్యుమెంటుగా పంపండి. నాలుగువేల పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో ఐదడుగుల తెరకు అంగుళానికి అరవై ఆరు చుక్కలే ఇస్తుంది, అయినా ఆరడుగుల దూరం నుంచి చూస్తే చక్కగా ఉంటుంది.

నాన్నగారు ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. మా అబ్బాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, 1933లో పోర్టు తెరిచిన సంగతి, ఆ కొండ అడ్డు ఉండబట్టే హార్బరు అక్కడ కట్టిన సంగతి చెబుతారు. ఓడలు లోపలికి వచ్చే దారి ఇదిగో అంటూ కొండ మొదట్లో వేలు పెడతారు. రోజూ అక్కడే. ఆ చోట గుడ్డ కాస్త మాసింది. మా ఆవిడ తుడుస్తానంటే నేను వద్దన్నాను.