ప్రార్థనలో నిద్రొస్తే దేవుడు దూరమైనట్టా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. పెళ్లికి ముందు నుంచీ తెల్లవారుజామున నాలుగింటికే లేచి ప్రార్థన చేసుకునేదాన్ని. ఏడాదిన్నర క్రితం అత్తగారికి పక్షవాతం వచ్చింది. మా ఆయన విశాఖలో బిల్డింగ్ పనులకు వెళ్లి శనివారం రాత్రి వస్తారు. ఇప్పుడు బైబిల్ తెరిస్తే కళ్లు మూతలు పడుతున్నాయి. ఆదివారం ఆరాధనకూ వెళ్లలేకపోతున్నాను. ఉజ్జీవ సభల్లో పొందిన ఆనందం ఏమైపోయిందో తెలియదు. "నీ ప్రార్థన చల్లారబట్టే ఇంటికి ఈ కష్టం" అంది ఆడపడుచు. దేవుడు నన్ను విడిచిపెట్టేశాడా?

జవాబు: అమ్మా, ముందు మీ ఆడపడుచు అన్న ఆ మాట మనసులోంచి తీసేయండి. మీ ప్రార్థన తగ్గింది అత్తగారు మంచాన పడ్డాకే కదా. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీణ్ణి కన్నవాళ్లదీ కాదన్నాడు యేసు. పక్షవాతం మెదడుకు రక్తం అందకో, అక్కడ రక్తనాళం చిట్లో వస్తుంది.

ఇక మీ సంగతి. మీ ఉత్తరంలో నాకు కనిపించింది నిద్రలేమి. మంచాన ఉన్న మనిషిని రెండేసి గంటలకోసారి పక్క తిప్పకపోతే పుండ్లు పడతాయి. రాత్రిళ్లు అలా లేస్తూ మళ్లీ నాలుగింటికి మోకరిస్తే కళ్లు మూతలు పడవా?

బైబిల్లో ఏలీయా ప్రవక్త కథ మీకు తెలిసిందే. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగిరావడం చూసినవాడు, యెజెబెలు రాణి బెదిరిస్తే పారిపోయి, అరణ్యంలో చెట్టు కింద కూలబడి, ఇక నా ప్రాణం తీసుకోమన్నాడు. దేవుడు ఆయన్ని మందలించలేదు, ప్రార్థన చెయ్యమనీ అనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారీ లేపి తినమన్నాడు. దేవుడి మెల్లని స్వరం వినబడింది ఆ తర్వాతెప్పుడో, హోరేబు కొండ దగ్గర. నూతన బలమంటే సభల్లో కన్నీళ్లతో పొందేదేనని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. ఏలీయాకు అది తిండితో, నిద్రతో మొదలైంది!

కాబట్టి కొన్నాళ్లు ఆ నాలుగింటి అలారం ఆపేయండి. పొద్దున్న అత్తగారికి చోడంబలి (రాగిజావ) పట్టేముందు మీరొక గ్లాసుడు తాగండి, కూర్చుని తాగండి. ఆమెను పక్క తిప్పి మడమలు, తుంటి ఎర్రబడ్డాయేమో చూసే ఆ రెండు నిమిషాలూ 23వ కీర్తనలో ఒక్క వాక్యం పైకి చెప్పండి. మర్నాడు తర్వాతి వాక్యం. ఆమెకు మాట రాకపోయినా మీ మాట వినిపించవచ్చు. జబ్బుపడ్డవాళ్లకు చేసింది తనకు చేసినట్టేనని ప్రభువే చెప్పాక, ఆ మంచం దగ్గర ఆయన సన్నిధి లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

తిండీ నిద్రా కాస్త కుదిరాక కూడా రెండు వారాలకు దిగులు తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చుండదు.

ఆదివారం మీ ఆయన ఇంట్లోనే ఉంటారు కదా. పక్క తిప్పడం, అంబలి పట్టడం శనివారం రాత్రే ఆయనకు నేర్పి, ఆరాధనకు మీరు వెళ్లండి. ఆయనకూ వెళ్లాలని ఉంటే వారం విడిచి వారం ఆడపడుచును రమ్మనండి. ఆమెకు కన్నతల్లే కాబట్టి మొహమాటపడకుండా అడగండి.