పాఠకుల ప్రశ్నలు: చలికాలంలో జర్మనీ ప్రయాణం

ప్రశ్న: మాది చిత్తూరు, కొంగారెడ్డిపల్లె. నేను ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేశాను. మావారికి చక్కెర వ్యాధి ఉంది, రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటారు. మా అబ్బాయి, కోడలు, మనవరాలు మ్యూనిక్‌లో ఉంటున్నారు, ఈసారి క్రిస్మస్‌కు రమ్మంటున్నారు. మా చర్చిలో పిల్లల కార్యక్రమం చూసుకుని డిసెంబరు 20 తరువాత బయలుదేరాలని నా ఆలోచన. అక్కడి చలికి మేము తట్టుకోగలమా? ఏమేం సిద్ధం చేసుకోవాలి?

జవాబు: అమ్మా, చలిని గురించి పడుతున్న బెంగ కొంత తగ్గించుకుని, తేదీల గురించి మరికొంత ఆలోచించండి. మ్యూనిక్‌లో డిసెంబరు నెలలో పగలు సుమారు 3, 4 డిగ్రీలు ఉంటుంది, రాత్రి సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగువకు పోతుంది. అయితే ఇళ్లు, రైళ్లు, దుకాణాలు అన్నీ వెచ్చగా ఉంటాయి కనుక మీరు చలిలో ఉండేది వీధిలో నడిచే కాసేపే. డిసెంబరులో హార్స్‌లీ హిల్స్‌లో ఒక రాత్రి గడిపినవారికి గదిలో కూడా వణుకు తప్పదు. అక్కడ మీ అబ్బాయి ఇంట్లో మామూలు నూలు చీరతో తిరగవచ్చు.

తేదీ విషయంలో మాత్రం నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: 20 తరువాత వద్దు. ఆ వారంలో టికెట్ల ధరలు ఎక్కువ, ఖాళీ సీట్లు తక్కువ. ఒక విమానం తప్పితే మరొకదానిలో చోటు దొరకడం కష్టం. అది అలా ఉంచితే, జర్మనీలో పండుగ సందడి అధికంగా 25వ తేదీకి ముందే జరిగిపోతుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలలో వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తారు. నగర కూడళ్లలో వెలిసే క్రిస్మస్ సంతలు నవంబరు చివరి వారంలో మొదలవుతాయి, మ్యూనిక్ ప్రధాన సంతను 24వ తేదీనే ఎత్తేస్తారు. పిల్లలకు కానుకలు ఇచ్చేది కూడా 24 సాయంత్రమే. ఆ మధ్యాహ్నం మూతపడిన దుకాణాలు 25, 26 సెలవులు కావడంతో 27న గానీ తెరవవు, ఆ రోజు ఆదివారమైతే మరొక రోజు ఆగాలి. మీరు 23న దిగి, పెట్టె వెనకబడిపోయిందనుకోండి, మూడు రోజులు కోడలి కోటుతో గడపవలసివస్తుంది.

వాతావరణం సంగతి కూడా చూడండి. అందరూ అక్కడి మంచును గురించే అడుగుతారు కానీ, మన వైపు కూడా అది తుపానుల కాలమే. 2015 డిసెంబరు వరదలకు చెన్నై విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు, 2024 నవంబరు 30న ఫెంగల్ తుపానుకు మళ్లీ ఆగింది. మంచు ఎక్కువగా కురిసి మ్యూనిక్ విమానాశ్రయం 2023 డిసెంబరు 2న మూతపడింది కూడా నిజమే. ఇవన్నీ నవంబరు చివర, డిసెంబరు మొదట్లో వచ్చిన ఆటంకాలే అయినా, అప్పుడు బయలుదేరితే పండుగకు ఇంకా వ్యవధి మిగిలి ఉంటుంది. అందుచేత నవంబరు చివరి వారంలో గానీ డిసెంబరు తొలి రోజుల్లో గానీ బయలుదేరి, ఒక రోజు ఆలస్యమైనా నష్టం లేనట్లుగా ఏర్పాటు చేసుకోండి. చెన్నై నుంచి వెళ్లదలిస్తే ముందు రోజే చేరుకుని అక్కడ నిద్ర చేయడం మేలు. చిత్తూరువారికి బెంగళూరు కూడా పెద్ద దూరమేమీ కాదు, సముద్రం ఒడ్డున లేకపోవడం వల్ల తుపాను బెడదా తక్కువే. జర్మనీకి నేరుగా వెళ్లే విమానాలు రెండు చోట్ల నుంచీ ఉన్నాయి. చర్చి కార్యక్రమం తప్పిపోతుందన్న మీ బాధ నాకు అర్థమవుతోంది. కాకపోతే అక్కడ డిసెంబరు 5 రాత్రి పిల్లలు బూట్లు శుభ్రంగా తుడిచి గుమ్మం దగ్గర పెట్టి పడుకుంటారు, తెల్లవారేసరికి సెయింట్ నికోలస్ పేరు మీద వాటిలో మిఠాయిలు ఉంటాయి. మీ మనవరాలి బూటులో చిత్తూరు బెల్లంతో చేసిన వేరుశనగ ఉండ పెట్టే అవకాశం ఎందుకు వదులుకోవాలి?

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. పరిశీలనకు సాధారణంగా 15 రోజులు, ఒక్కొక్కసారి 45 రోజుల వరకు పడుతుంది కనుక పండుగ కాలానికి వెళ్లేవారు దసరా నాటికైనా ఆ పని ముగించుకోవాలి. కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. బీమా పత్రంలో మొత్తం ఒక్కటే చూసి ఊరుకోకండి. పాత జబ్బులకు వర్తించదని రాసి ఉంటే, మావారి చక్కెర వ్యాధి దానిలోకి వస్తుందా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు, దిగిన రోజు, బయలుదేరిన రోజు కూడా లెక్కలోకి వస్తాయి. నవంబరు 25న దిగితే ఫిబ్రవరి 22 చివరి రోజవుతుంది. వీసాలో అంతకంటే తక్కువ రోజులు వేసి ఉంటే అదే లెక్క.

ఇక బట్టలు. లావుపాటి ఉన్ని కోటు ఇక్కడ కొని మోసుకుపోవద్దు. మన బజారులో స్వెట్టరని అమ్మేది అక్కడి గాలికి ఆగదు. కోటు, బూట్లు వెళ్లిన మరుసటి రోజే అబ్బాయితో వెళ్లి కొనుక్కోండి. చీర మానుకోనక్కరలేదు, లోపల థర్మల్ పైజామా, కాళ్లకు ఉన్ని మేజోళ్లు వేసుకుని, కుచ్చిళ్లు రెండంగుళాలు పైకి కట్టుకుంటే అంచు కరిగిన మంచులో తడవదు. నా మాట వింటే డబ్బు కోటు మీద కాక బూట్ల మీద పెట్టండి. పెద్దవయసు వారికి చలి కంటే జారిపడడం వల్ల ప్రమాదం ఎక్కువ. పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టిన నీరు రోడ్డు మీద తడి మరకలా మాత్రమే కనిపిస్తుంది, కాలు పెట్టాకే అది మంచు అని తెలుస్తుంది. అడుగులు చిన్నవిగా వేయండి, చేతులు జేబుల్లో పెట్టుకుని నడవకండి. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది కనుక బయటి పనులు మధ్యాహ్నమే ముగించుకోవడం మంచిది.

ఇన్సులిన్ ఎట్టి పరిస్థితిలోనూ చెక్-ఇన్ పెట్టెలో వేయకండి. అక్కడ గడ్డకడితే మందు పాడవుతుంది. చేతి సంచిలో, మందుల పేర్లు ఇంగ్లీషులో రాసిన డాక్టరు చీటీతో కలిపి ఉంచండి. అక్కడ వీధిలోకి వెళ్లినప్పుడు ఇన్సులిన్‌ను కోటు లోపలి జేబులో పెట్టుకోవాలి. చలికాలంలో జర్మనీ సమయం మనకంటే నాలుగున్నర గంటలు వెనుక. ప్రయాణం రోజు మోతాదు ఎలా సర్దుకోవాలో బయలుదేరే ముందే డాక్టరును అడగండి. మరొక చిన్న మాట: కొబ్బరినూనె చలికి సీసాలో రాయిలా బిగుసుకుపోతుంది, వెడల్పు మూతి డబ్బాలో పోసుకెళ్లండి.

ప్రశ్న: మా అమ్మాయి కూడా జర్మనీలోనే ఉంది. నెయ్యి, పాలకోవా, ఊరగాయలు, కరివేపాకు తీసుకెళ్లవచ్చా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: నెయ్యి, పాలకోవా వద్దు. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు వెంట తీసుకెళ్లకూడదు. పచ్చి ఆకులు, పండ్లు, కూరగాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి కనుక కరివేపాకును ఎండబెట్టి, పొడి చేసి ఇవ్వండి. ఆవకాయ, గోంగూర వంటివి తీసుకెళ్లవచ్చు. నూనె కారకుండా రెండు సంచుల్లో కట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, చేతి సంచిలో అయితే తనిఖీ దగ్గర తీసేస్తారు. ఎండుకొబ్బరి మాత్రం వద్దు, దానిలోని నూనె వల్ల మంట అంటుకుంటుందని విమానాల్లోకి రానివ్వరు.

ప్రశ్న: డిసెంబరు మూడో వారంలో ఢిల్లీ మీదుగా టికెట్ చవకగా ఉంది. కొనవచ్చా? – ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: ఆ రోజుల్లో ఢిల్లీలో తెల్లవారుజామున పొగమంచు దట్టంగా పట్టి విమానాలు గంటల తరబడి ఆగుతాయి. కొనక తప్పకపోతే రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేట్లు చూసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఆ డబ్బు మీదే పోతుంది.