టెక్ సందేహాలు: చీర రంగు తెర మీద మారకూడదు

సందేహం: మా ఊళ్లోని పట్టుచీరల దుకాణానికి 30 సెకన్ల ప్రకటన ఒప్పుకున్నాను. ఫోనులో 4కె వీడియో తీశాను. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ప్రీమియర్ ప్రో (వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) అడుగడుగునా ఆగిపోతోంది. యజమాని మాటలు చివరికొచ్చేసరికి పెదవుల కదలికతో కలవడం లేదు. ఒకే చీర ఒక్కో షాట్‌లో ఒక్కో రంగులో కనిపిస్తోంది. ఏం చేయాలి? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మాటలు తప్పడానికి కారణం ఫోనే. వెలుతురు తగ్గినప్పుడు చాలా ఫోన్లు సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను మారుస్తూ ఉంటాయి. ప్రీమియర్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ‘వేరియబుల్ ఫ్రేమ్ రేట్ డిటెక్టెడ్’ అని ఉంటే దొంగ దొరికినట్టే. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకుని క్లిప్పులన్నీ మార్చుకోండి. కోతలు మొదలుపెట్టకముందే ఈ పని కావాలి, లేకపోతే చేసిందంతా మళ్లీ సరిచూసుకోవాల్సి వస్తుంది.

ల్యాప్‌టాప్ ఆగిపోవడానికి మందు ప్రాక్సీలు. క్లిప్పులన్నీ ఎంచుకుని ‘క్రియేట్ ప్రాక్సీస్’ నొక్కి రాత్రి వదిలేయండి. తెల్లారేసరికి తేలికపాటి నకళ్లు తయారవుతాయి. ఎడిటింగ్ వాటితో సాగుతుంది, ఎక్స్‌పోర్ట్ (పూర్తయిన వీడియోను ఫైలుగా బయటికి తీయడం) మాత్రం అసలు ఫైళ్ల నుంచే జరుగుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ‘యూజ్ ప్రాక్సీస్’ గడిలో టిక్ లేకుండా చూసుకోండి.

ఇక రంగు. నా దృష్టిలో మీ పనికి ఇదే ప్రాణం. వంగపండు రంగు చీర ప్రకటనలో నీలంగా కనిపిస్తే, దాన్ని చూసి దూరం నుంచి వచ్చిన కొనుగోలుదారు మోసపోయానని అనుకుంటారు. వెలుతురును బట్టి తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఫోనులో షాట్ షాట్‌కీ తన లెక్క మార్చుకుంటుంది. దుకాణంలో పసుపు బల్బులూ తెల్ల ట్యూబులూ కలిసి వెలుగుతుంటే ఇంకా గందరగోళం. మళ్లీ తీసే వీలుంటే ఒకే రకం దీపాలు ఉంచి, ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను ఒక అంకె దగ్గర బిగించండి. ప్రతి చీర ముందూ తెల్ల కాగితం పట్టుకుని రెండు సెకన్లు తీయండి. ఎడిటింగ్‌లో, ప్రీమియర్‌లో రంగులు దిద్దే లుమెట్రీ ప్యానెల్‌లోని ఐడ్రాపర్ గుర్తుతో ఆ కాగితం మీద నొక్కితే రంగు చాలావరకు దారికొస్తుంది.

తీసినదే వాడక తప్పకపోతే, ఆ చీరను దుకాణం నుంచి తెచ్చుకోండి. పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర దాన్ని తెర పక్కన పరిచి, అంచూ కొంగూ రెండూ పోల్చుకుంటూ సరిచేయండి. ఆ సమయంలో ల్యాప్‌టాప్‌లో నైట్ లైట్ (తెరను పసుపు రంగుకు తిప్పే సెట్టింగ్) ఆపేయడం మరవకండి. రెడీమేడ్ ఫిల్టర్లు ముఖాలకు అందంగా ఉంటాయేమో గానీ, చీర కనిపించే షాట్లకు వాటిని దగ్గరికి రానివ్వకండి.

సందేహం: ప్రకటనలో తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయి. ‘స్వర్ణోత్సవం’లో వత్తులు విడిగా పడుతున్నాయి.

జవాబు: ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ విభాగానికి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’గా మార్చండి. ప్రీమియర్‌ను మూసి తెరిచి, కొత్త లేయర్‌లో యూనికోడ్ ఫాంటుతో టైప్ చేయండి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మల్లన్న, రామభద్ర, మండలి ఫాంట్లను వాణిజ్య పనులకూ ఉచితంగా వాడుకోవచ్చు.

సందేహం: క్లయింటు సినిమా పాటే పెట్టమంటున్నారు. 15 సెకన్ల లోపు అయితే పరవాలేదంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. ప్రకటనలో ఇన్ని సెకన్ల వరకు వాడుకోవచ్చు అనే మినహాయింపు మన చట్టంలో లేదు. హక్కుదారుల అనుమతి కావాల్సిందే. త్యాగరాజ కీర్తన అయితే సంగీత రచనకు హక్కుల చిక్కు లేదు, ఆయన 1847లోనే కన్నుమూశారు. కానీ ఈ మధ్య ఒక గాయకుడు పాడిన రికార్డింగుకు మాత్రం వేరే హక్కులుంటాయి. మీ ఊళ్లో నాదస్వరం వాయించేవారిని పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, అరగంట రికార్డు చేసుకోండి. పట్టుచీరల ప్రకటనకు ఆ నాదం ఎంత నిండుగా ఉంటుందో మీరే వింటారు. ప్రకటనలో వాడుకోవడానికి అంగీకారం రాయించుకుని, ఆ కాగితాన్ని స్కాన్ చేసి ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే పెట్టండి.