దొర్లే చక్రానికి శక్తిని రెండుసార్లు లెక్కేస్తున్నామా?

మీరు అడిగింది ఇది: వాలుతలం మీద దొర్లే వస్తువుకు హాఫ్ ఎం వి స్క్వేర్ రాసేశాక, పక్కన మళ్లీ హాఫ్ ఐ ఒమేగా స్క్వేర్ ఎందుకు కలుపుతారు? (ఎం అంటే ద్రవ్యరాశి, వి అంటే వేగం, ఒమేగా అంటే తిరిగే వేగం.) వస్తువు ఒకటే, కదలికా ఒకటే, మరి ఒకే శక్తిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు కాదా? పైగా ఆ ఐ అంటే ఏమిటో ఎంత చదివినా పట్టుబడటం లేదు, సూత్రాలు మాత్రం బట్టీ పట్టాను అన్నారు.

రెండుసార్లు లెక్కపెట్టడం లేదు. కానీ అలా లెక్కపెట్టేసే ప్రమాదం నిజంగానే ఉంది. నేను అందులో పడ్డాను, పరీక్షలో మార్కులు పోగొట్టుకున్నాను. అందుకే మీ అనుమానాన్ని తేలిగ్గా తీసిపారేయలేను.

ముందు ఐ, అంటే జడత్వ భ్రామకం సంగతి చూద్దాం. కాలేజీ మొదటి ఏడాదిలో ఆ పేరు వింటేనే నాకు టెన్షన్‌గా ఉండేది. సరళరేఖలో కదిలేటప్పుడు ద్రవ్యరాశి ఏ పని చేస్తుందో, తిరిగేటప్పుడు ఇది ఆ పని చేస్తుంది అని మా లెక్చరర్ బోర్డు మీద రాశారు. ఆ మాట తప్పు కాదు. కానీ అందులో దూరం ఎందుకు వచ్చింది, వచ్చినా దానికి స్క్వేర్ ఎందుకు అన్నది ఆ మాట చెప్పదు. నా తల తిన్నది ఆ స్క్వేరే.

అది ఎలా విడిపోయిందంటే, తిరిగే వస్తువుకు వేరే రకం శక్తి ఏమీ లేదని గ్రహించాక విడిపోయింది. చక్రాన్ని చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకోండి. ప్రతి ముక్కకూ ఉన్నది మనకు ముందే తెలిసిన హాఫ్ ఎం వి స్క్వేర్. చిక్కల్లా ఒక్కటే, అన్ని ముక్కలూ ఒకే వేగంతో పోవు. ఇరుసు నుంచి రెట్టింపు దూరంలో ఉన్న ముక్క అదే సమయంలో రెట్టింపు దారి తిరగాలి కాబట్టి దాని వేగం రెట్టింపు. ఏ ముక్కకైనా వేగం అంటే ఇరుసు నుంచి దాని దూరం ఆర్ ఇంటూ ఒమేగా. దీన్ని హాఫ్ ఎం వి స్క్వేర్‌లో పెట్టండి. ఒమేగా ముక్కలన్నిటికీ ఉమ్మడి కాబట్టి బయటికి వచ్చేస్తుంది, లోపల ఎం ఆర్ స్క్వేర్‌ల మొత్తం మిగులుతుంది. ఆ మిగిలిన మొత్తానికి పెట్టిన పేరే ఐ. వేగానికి ఉన్న స్క్వేరే దూరం మీదికి వచ్చి కూర్చుంది. దృఢ వస్తువుల (ఆకారం మారని వస్తువుల) చలనం మీద 1765లో వెలువడిన తన గ్రంథంలో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ ఈ రాశికి పేరు పెట్టాడు. అంటే ఇది కొత్త ప్రకృతి నియమం కాదు, కూడికను కుదించి రాసుకునే పద్ధతి.

ఇది అర్థమైతే ఇంకో విషయం కూడా దానంతట అదే తేలుతుంది. వస్తువు ఒకటే అయినా ఇరుసు మారితే ఐ మారిపోతుంది, ఎందుకంటే దూరాలన్నీ ఆ ఇరుసు నుంచి కొలిచినవే. ఎల్ పొడవున్న సన్నటి కర్రను మధ్యలో పట్టుకుని తిప్పితే ఐ విలువ ఎం ఎల్ స్క్వేర్ బై 12. చివర పట్టుకుని తిప్పితే ఎం ఎల్ స్క్వేర్ బై 3, సరిగ్గా నాలుగింతలు. అదే ఒమేగాతో తిప్పడానికి నాలుగింతల శక్తి పెట్టాలి. ఏ అక్షం చుట్టూ అని చెప్పకుండా 'దీని ఐ ఎంత?' అని అడిగితే ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. నా పరీక్ష పోయింది సరిగ్గా ఇక్కడే, ఆ కథ కింద చెబుతాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. జారకుండా దొర్లుతున్న ఒక రింగు తీసుకుందాం. బరువంతా అంచులోనే ఉందనుకోండి. కేంద్రం వేగం వి. రింగు మీద నాలుగు చోట్ల వేలు పెట్టి చూద్దాం. నేలను తాకుతున్న చోట వేగం సున్నా, ఆ క్షణానికి ఆ ముక్క కదలడం లేదు. అన్నిటికన్నా పైన ఉన్న ముక్క వేగం రెండు వి. ముందు పక్కన, వెనక పక్కన కేంద్రం ఎత్తులో ఉన్న ముక్కలకు ముందుకు వి ఉంది, కిందికో పైకో ఇంకో వి ఉంది. రెండూ లంబంగా ఉన్నాయి కాబట్టి మొత్తం వేగం రూట్ రెండు వి.

ఇక శక్తి కోసం వేగాల స్క్వేర్లు చూడండి. కింద సున్నా, పైన నాలుగు వి స్క్వేర్, ఈ రెంటి సగటు రెండు వి స్క్వేర్. ముందు పక్కన రెండు వి స్క్వేర్, వెనక పక్కన రెండు వి స్క్వేర్, వీటి సగటు కూడా రెండు వి స్క్వేర్. మధ్యలో ఏ ముక్కనైనా తీసుకుని, వ్యాసానికి అటు చివర సరిగ్గా ఎదురుగా ఉన్న ముక్కతో జత కట్టండి. ఒకటి ఎంత వేగంగా పోతే రెండోది అంత నెమ్మదిగా పోతుంది, జత సగటు ఎప్పుడూ రెండు వి స్క్వేరే. కాబట్టి రింగు మొత్తం శక్తి సగం ఎం ఇంటూ రెండు వి స్క్వేర్, అంటే ఎం వి స్క్వేర్.

గమనించండి, ఇంతవరకూ నేను ఐ అనే అక్షరాన్ని వాడనే లేదు. ముక్కల శక్తులను కలిపాను, అంతే. ఇప్పుడు పుస్తకం దారిలో వెళ్లండి. కేంద్రం కదలికకు హాఫ్ ఎం వి స్క్వేర్. కేంద్రం చుట్టూ తిరిగినందుకు సగం ఇంటూ ఎం ఆర్ స్క్వేర్ ఇంటూ ఒమేగా స్క్వేర్. ఆర్ ఒమేగా అంటే వి కాబట్టి అది ఇంకో హాఫ్ ఎం వి స్క్వేర్. రెండూ కలిపితే ఎం వి స్క్వేర్, అదే జవాబు. రెండో పదం కలపకపోతే నిజంగా ఉన్న శక్తిలో సగం మాయమైపోతుంది. ఈ లెక్కను నోట్‌బుక్‌లో మొదటిసారి వేసుకున్న రాత్రి నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. బొమ్మ గీసి, నాలుగు బాణాలు పెట్టి, మీరూ ఒకసారి చేతితో వేయండి. చదివితే పట్టేది కాదు ఇది.

శక్తి ఇలా రెండు పదాలుగా చక్కగా విడిపోవడానికి కారణం మనం ఎంచుకున్నది ద్రవ్యరాశి కేంద్రం కావడమే. ఒక జతలో ఒకరికి పెరిగింది ఇంకొకరికి తగ్గి, అడ్డు పదాలు (కేంద్రం వేగాన్నీ తిరిగే వేగాన్నీ గుణించగా వచ్చేవి) కొట్టుకుపోయాయి. వేరే ఏదో బిందువు తీసుకుంటే మామూలుగా అలా కొట్టుకుపోవు.

ఇప్పుడు నా తప్పు. నేలను తాకే బిందువు ఆ క్షణానికి కదలదు కాబట్టి రింగు మొత్తం ఆ బిందువు చుట్టూ తిరుగుతోందని కూడా చూడొచ్చు. సమాంతర అక్షాల సిద్ధాంతం (కేంద్రం చుట్టూ ఉన్న ఐకి ఎం ఇంటూ అక్షం జరిగిన దూరం స్క్వేర్ కలపాలి అనేది) ప్రకారం ఆ బిందువు చుట్టూ ఐ విలువ రెండు ఎం ఆర్ స్క్వేర్. సగం పెట్టి ఒమేగా స్క్వేర్‌తో గుణిస్తే ఎం వి స్క్వేర్, మళ్లీ అదే జవాబు. ఈ దారిలో కేంద్రం కదలిక కూడా అందులోనే కలిసిపోయింది, ఇంకేమీ కలపకూడదు. పరీక్షలో నేను ఈ రెండు ఎం ఆర్ స్క్వేర్ రాసి, అలవాటుకొద్దీ పక్కన హాఫ్ ఎం వి స్క్వేర్ కూడా కలిపేశాను. ఒకటిన్నర ఎం వి స్క్వేర్ వచ్చింది. మీరు భయపడుతున్న రెండుసార్ల లెక్క అంటే అచ్చంగా ఇదే. కేంద్రం చుట్టూ ఐ తీసుకుంటే రెండు పదాలు రాయాలి, తాకే బిందువు చుట్టూ తీసుకుంటే ఒక్క పదం చాలు. అప్పటి నుంచి ఐ రాసిన ప్రతిచోటా పక్కనే ఏ అక్షం చుట్టూ అన్నది చిన్న అక్షరాలతో రాసుకుంటున్నాను, ఇన్నేళ్లయినా మానలేదు.

కాగితం మీద నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి, ఖర్చు లేనిది. ఒకేలాంటి రెండు ప్లాస్టిక్ బాటిళ్లు తీసుకుని, దాదాపు నిండా నీళ్లు పోయండి. గడ్డకడితే వ్యాకోచిస్తుంది కాబట్టి కాస్త ఖాళీ వదలండి. ఒకదాన్ని నిలబెట్టి గడ్డకట్టించండి. పడుకోబెడితే మంచు ఒక పక్కకు చేరి బాటిల్ ఎగుడుదిగుడుగా దొర్లుతుంది, మొదటిసారి నాకు అలాగే అయింది. మీటరు పొడవున్న పలకకు ఒక చివర పుస్తకాలు పెట్టి పది సెంటీమీటర్లు ఎత్తండి. రెంటినీ పక్కపక్కనే పెట్టి ఒక స్కేలుతో ఆపి, స్కేలును ఒక్కసారిగా ఎత్తేయండి.

మా తమ్ముడు మంచు బాటిలే ముందు దిగుతుందన్నాడు, గట్టిగా ఉంది కదా అని. నీళ్ల బాటిల్ ముందు దిగింది, మంచుది జానెడు దూరం వెనకబడింది. మంచు బాటిల్‌కు చెమట పట్టి జారుతోందేమోనని గుడ్డతో తుడిచి మళ్లీ వదిలాం, మళ్లీ అంతే. కారణం ఏమిటంటే, మంచు గోడతో పాటు తిరగక తప్పదు. నీళ్లు మాత్రం గోడ తిరుగుతున్నా లోపల దాదాపు తిరగకుండానే కిందికి వచ్చేస్తాయి. రెండిటికీ ఎత్తు నుంచి దొరికిన శక్తి కిలోకు ఇంత అని సమానమే. మంచు అందులో మూడో వంతును తిరగడానికి ఖర్చు పెట్టుకుంది, నీళ్లు ఆ ఖర్చు తప్పించుకున్నాయి. బాటిళ్లలో నీళ్లు కాస్త ఎక్కువ తక్కువైనా ఫర్వాలేదు, ఎందుకంటే సమీకరణంలో ఎం రెండు వైపులా కొట్టుకుపోతుంది. వ్యాసార్ధం కూడా అంతే. మిగిలేది బరువు ఎలా పరుచుకుని ఉంది అన్న ఒక్క సంఖ్య.

ఆ పలక మీద లెక్క వేస్తే ఇలా ఉంటుంది: ఘర్షణ లేకుండా జారే వస్తువుకు 1.43 సెకన్లు, ఘన గోళానికి 1.69, ఘన సిలిండర్‌కు 1.75, రింగుకు 2.02. గోళానికీ సిలిండర్‌కూ తేడా 0.06 సెకను మాత్రమే, కంటికి సరిగా ఆనదు. సిలిండర్‌నూ రింగునూ పోటీ పెడితే స్పష్టంగా కనిపిస్తుంది. క్లాసులో చూపించాలనుకుంటే ఆ జతనే తీసుకోండి.

ఇక్కడ చాలామందికి వచ్చే ఇంకో అనుమానం, ఘర్షణ శక్తిని తినేయదా అని. జారకుండా దొర్లేటప్పుడు తాకే ముక్క ఆ క్షణానికి కదలడం లేదు కాబట్టి దాని మీద ఘర్షణ చేసే పని సున్నా, అంటే శక్తి ఏమీ పోదు. అది చేసేదల్లా కేంద్రం వేగాన్ని కాస్త తగ్గించి, ఆ శక్తిని తిరగడంలోకి మళ్లించడం. పలక పూర్తిగా నున్నగా ఉంటే ఏదీ తిరగదు, అన్నీ జారి ఒకేసారి దిగుతాయి.

లెక్కలు చేసేటప్పుడు యూనిట్ల దగ్గర జాగ్రత్త. రెండు కిలోల డిస్క్, వ్యాసార్ధం 0.2 మీటర్లు, నిమిషానికి 300 చుట్లు అనుకోండి. ఐ విలువ 0.04. ఒమేగాకు 300 పెట్టేస్తే 1800 జౌళ్లు వస్తుంది. నిమిషానికి 300 అంటే సెకనుకు 5 చుట్లు, ఒక్కో చుట్టుకు సుమారు 6.28 రేడియన్లు (కోణం కొలిచే యూనిట్) కాబట్టి సరైన ఒమేగా సెకనుకు 31.4 రేడియన్లు, జవాబు సుమారు 19.7 జౌళ్లు. స్క్వేర్ ఉంది కాబట్టి తప్పు తొమ్మిదిన్నర రెట్లతో ఆగదు, 91 రెట్లు అవుతుంది. జవాబును ఎత్తుగా మార్చి చూసుకోవడం నాకు బాగా పనికొచ్చింది. 19.7 జౌళ్లంటే ఆ డిస్క్‌ను ఒక మీటరు ఎత్తితే పట్టే శక్తి, నమ్మొచ్చు. 1800 జౌళ్లంటే అదే డిస్క్‌ను 92 మీటర్లు ఎత్తాలి. నిదానంగా తిరిగే చిన్న డిస్క్‌లో అంత శక్తి ఉండదని అప్పుడే అనుమానం రావాలి.

ఇక బట్టీ పట్టిన సూత్రాల గురించి. రింగుకు 1, బోలు గోళానికి 2/3, డిస్క్‌కూ ఘన సిలిండర్‌కూ 1/2, ఘన గోళానికి 2/5, అన్నీ ఎం ఆర్ స్క్వేర్‌తో గుణించాలి. ఇవి గుర్తుంటే మంచిదే, కానీ వరుసగా పెట్టుకుని చూడండి. బరువు ఇరుసు దగ్గరికి జరిగేకొద్దీ సంఖ్య తగ్గుతోంది. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన సంఖ్య భూమిది. భూమికి ఇది సుమారు 0.33. లోపలంతా ఒకే సాంద్రత ఉంటే 0.4 రావాలి, కానీ ఇనుముతో నిండిన బరువైన కేంద్రభాగం ఉండటం వల్ల తగ్గింది. చంద్రుడికి సుమారు 0.39, అంటే లోపల దాదాపు ఒకే తీరుగా ఉన్నాడన్నమాట. ఎవరూ తవ్వి చూడలేని చోట ఏముందో ఈ ఒక్క సంఖ్య చెబుతోంది.

రింగు లెక్క వేసుకున్నాక, అదే పద్ధతిలో డిస్క్‌కు కూడా ప్రయత్నించండి. డిస్క్ అంటే ఒకదానిలో ఒకటి ఇమిడిన సన్నటి రింగులే కదా. 1/2 మీ చేతుల్లోనే రావాలి. ఎక్కడైనా ఆగిపోతే మీరు వేసిన లైన్లు కింద రాయండి, ఎక్కడ తప్పిందో చూస్తాను.