పాత పార్టుల్లో ఇరుక్కున్న డబ్బు

ప్రశ్న: కార్ల రిపేర్ షెడ్ నడుపుతున్నాను. రీమాన్యుఫాక్చర్డ్ (పాతవాటిని బాగుచేసి కొత్తవాటిలా తయారుచేసిన) స్టార్టర్లు, ఆల్టర్నేటర్లు, టర్బోలు కొన్నప్పుడల్లా, పాత పార్టు (కోర్) తిరిగిచ్చేదాకా సప్లయర్ డిపాజిట్ పట్టుకుంటున్నాడు. చేతిలో డబ్బు ఆడడం లేదు. ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. షెడ్డులో ఓ మూల పడేసిన పాత పార్టులు లెక్కపెట్టండి. అదంతా మీ డబ్బే. దాన్ని అక్కడే వదిలేసి బ్యాంకుకి వడ్డీ కట్టడం దేనికి?

కోర్ డిపాజిట్ ఖర్చు కాదు, సప్లయర్ మీకు ఇవ్వాల్సిన బాకీ. కాకపోతే దానికి గడువూ షరతులూ ఉంటాయి. సాధారణంగా మీరు కొన్న రకం పార్టే, కొన్నన్ని మాత్రమే తీసుకుంటారు. బాడీ పగిలినా, కాలినా, నీళ్లలో నానినా, లోపలి భాగాలు లేకపోయినా తిరిగి రావాల్సిన మొత్తం (క్రెడిట్) తగ్గుతుంది, లేదా అసలు రాదు. ఏం పోయిందో చూద్దామని మీ మెకానిక్ విప్పేసిన టర్బో మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఆయిల్ వంచేసి, కొత్తది వచ్చిన డబ్బాలోనే పెట్టి, బిల్లు నంబరు రాసి పంపండి.

ఇప్పుడు అసలు లెక్క. పార్టు 100, డిపాజిట్ 40 అనుకుందాం. 10 కొంటే 400 బయట ఉంటుంది. తిరిగిచ్చిన వాటిలో 2 తిరస్కరిస్తే 80 పోయినట్టే. అంటే పార్టు మీకు పడింది 100కి కాదు, 108కి. రవాణా ఖర్చు వేరే. అదే పార్టు సరికొత్తది 106కి వస్తుంటే ఏది చవకో మీరే చెప్పండి.

కస్టమర్ పాత పార్టు తనకే కావాలంటే డిపాజిట్ ఆయన బిల్లులో పడాలి. ఈ మాట ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, బండి తాళాలిచ్చేటప్పుడు కాదు. వారంటీలో వెనక్కి పంపే పార్టుల్ని కోర్లతో కలపకండి, రెండూ వేర్వేరు క్లెయిములు.

సప్లయర్ డబ్బు తిరిగిస్తాడా, క్రెడిట్ నోటే (తర్వాతి బిల్లులో తగ్గించుకునే కాగితం) ఇస్తాడా అన్నది రాతపూర్వకంగా అడగండి. క్రెడిట్ నోటుతో జీతాలివ్వలేరు. పైగా ఆ సప్లయర్ దుకాణం మూసేస్తే మీరూ అప్పులవాళ్ల వరసలో నిలబడాలి. అందుకే పార్టులు పోగేసి ఒక్కసారే పంపే అలవాటు నాకు నచ్చదు.

ఇవన్నీ పంపాక కూడా మామూలుగా ఎంత డిపాజిట్ బయట ఉంటోందో చూసి, అంతవరకే ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి. గడువు దాటిన కోర్లను ఆ లెక్కలోంచి తీసేసి, నష్టంగా రాసుకుని, తుక్కు ధరకైనా అమ్మేయండి.