రంగు ఒక వరుసలో, గడువు మరో వరుసలో

స్ప్రెడ్‌షీట్ సందేహాలకు ఈసారి జవాబులు ఇవి. మెనూ పేర్లన్నీ ఎక్సెల్‌వి. ఫార్ములాలను ఇక్కడ తెలుగు లిపిలో అచ్చువేశాం. షీట్‌లో మాత్రం కాలమ్ అక్షరాలు, ఫంక్షన్ పేర్లు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

ప్రశ్న: మా పనుల జాబితా ఏ2 నుంచి ఎఫ్300 దాకా ఉంది. డి కాలమ్‌లో గడువు తేదీ, పని అయిపోతే ఎఫ్‌లో "పూర్తి" అని రాస్తాం. గడువు దాటిన పని వరుస మొత్తం ఎర్రబడాలి. కండిషనల్ ఫార్మాటింగ్ (షరతు నిజమైన సెల్స్‌కు రంగు వేసే సదుపాయం)లో రూల్ పెడితే మొదట టేబుల్ అంతా ఎర్రబడింది. మార్చి పెడితే రంగు ఒక వరుస పైకి పడుతోంది. తేదీ రాయని వరుసలూ ఎర్రగానే ఉన్నాయి.

జవాబు: మీకు ఎదురైనవి మూడు వేర్వేరు తప్పులు.

టేబుల్ అంతా ఎర్రబడటానికి కారణం డాలర్ గుర్తు. రూల్ పెట్టెలో ఉండగా మౌస్‌తో సెల్‌ను నొక్కితే ఎక్సెల్ $డి$2 అని రాస్తుంది. అంటే 299 వరుసలూ వెళ్లి ఆ ఒక్క సెల్‌నే చూస్తాయి. కాలమ్ కదలకూడదు, వరుస కదలాలి కాబట్టి మీకు కావలసింది $డి2. ఎఫ్4 మీట రెండుసార్లు నొక్కితే అలా మారుతుంది.

రంగు పైకి జరగడం ఎంపికలో పొరపాటు. ఫార్ములా ఎప్పుడూ యాక్టివ్ సెల్‌ను, అంటే ఎంపిక మొదలుపెట్టిన సెల్‌ను, ఉద్దేశించి రాసినట్టే లెక్క. శీర్షిక వరుసతో కలిపి ఏ1 నుంచి ఎంచుకుని ఫార్ములాలో $డి2 అంటే, ప్రతి వరుసా తన కింది వరుస తేదీని చూస్తుంది. కింది నుంచి పైకి లాగి ఎంచుకున్నా యాక్టివ్ సెల్ అడుగునే ఉండిపోతుంది, రంగులు ఎక్కడెక్కడో పడతాయి. ఫార్ములా బార్‌కు ఎడమవైపున్న నేమ్ బాక్స్‌లో ఏ2 అని కనిపిస్తేనే ముందుకు వెళ్లండి.

ఇక ఖాళీ సెల్. పోలికలో ఎక్సెల్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది. ఎక్సెల్‌కు తేదీ కూడా ఒక అంకే, సున్నా ఏ తేదీ కన్నా చిన్నదే. అందుకే సెల్ ఖాళీ కాకూడదన్న షరతునూ కలపాలి.

పాత రూల్ తీసేసి, ఏ2 నుంచి ఎఫ్300 దాకా ఎంచుకోండి. హోమ్‌లో కండిషనల్ ఫార్మాటింగ్, న్యూ రూల్, జాబితాలో చివరిదైన "యూజ్ ఎ ఫార్ములా" తెరిచి ఇలా రాయండి:

=ఆండ్($డి2<>"",$డి2<టుడే(),$ఎఫ్2<>"పూర్తి")

తర్వాత ఫార్మాట్ నొక్కి, ఫిల్‌లో లేత ఎరుపు ఎంచుకోండి. ముదురు రంగు వేస్తే అక్షరాలు చదవలేరు. ఫార్ములా దిద్దేటప్పుడు బాణం మీటలు నొక్కగానే మధ్యలో కొత్త సెల్ చిరునామాలు వచ్చి పడుతుంటే, ముందు ఒకసారి ఎఫ్2 మీట నొక్కండి.

ఇంత చేసినా కొన్ని పాత తేదీలు ఎర్రబడకపోతే అవి తేదీలు కావు, తేదీలా కనిపించే టెక్స్ట్. పోలికలో టెక్స్ట్ ఏ అంకె కన్నా పెద్దదే కాబట్టి షరతు ఎప్పటికీ నిజం కాదు. ఖాళీ సెల్‌లో =ఈజ్‌నంబర్(డి2) అని రాస్తే తేలిపోతుంది, ఫాల్స్ వస్తే అది టెక్స్టే. ఫార్మాట్‌ను డేట్‌గా మార్చినంత మాత్రాన టెక్స్ట్ తేదీ అయిపోదు. డి కాలమ్ ఎంచుకుని, డేటాలో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, రెండుసార్లు నెక్స్ట్ నొక్కి, మూడో తెరలో డేట్ దగ్గర మీరు రాసిన క్రమాన్ని ఎంచుకుని ఫినిష్ చేయండి. రోజు ముందు రాసే అలవాటైతే డిఎంవై (రోజు, నెల, ఏడాది). ఇక్కడ పొరబడితే మార్చి 4 కాస్తా ఏప్రిల్ 3 అవుతుంది, అదీ చడీచప్పుడు లేకుండా.

ప్రశ్న: ఎర్రబడ్డ వరుసలు ఎన్నో లెక్కపెట్టే ఫంక్షన్ ఏది?

జవాబు: రంగును లెక్కించే ఫంక్షన్ లేదు. రంగును కాదు, దాని వెనకున్న షరతును లెక్కపెట్టండి:

=కౌంట్‌ఇఫ్స్(డి2:డి300,"<"&టుడే(),ఎఫ్2:ఎఫ్300,"<>పూర్తి")

ఖాళీ తేదీలను ఇది తనంతట తానే వదిలేస్తుంది. చేత్తో రంగు వేసిన సెల్స్ అయితే ఫిల్టర్ బై కలర్ పెట్టి, శీర్షిక వరుసలోనే టేబుల్‌కు పక్కనున్న ఖాళీ సెల్‌లో =సబ్‌టోటల్(103,ఏ2:ఏ300) రాయండి; ఏ కాలమ్‌లో ఖాళీలు లేకుంటే కనిపిస్తున్న వరుసల సంఖ్య వస్తుంది. అసలు రంగుకే అర్థం అప్పగించడం మంచి అలవాటు కాదు. పక్కన ఒక కాలమ్ పెట్టి మాట రాస్తే ఈ తిప్పలే ఉండవు.

ప్రశ్న: పెట్టింది ఒకే రూల్. ఇప్పుడు చూస్తే పదుల కొద్దీ ఉన్నాయి, ఫైల్ నెమ్మదించింది.

జవాబు: మామూలు పేస్ట్ విలువతో పాటు రూల్‌నూ మోసుకొస్తుంది. అలా రూల్ వర్తించే పరిధి ముక్కలై, ఒక్కో ముక్కా ఒక్కో రూల్‌గా నిలుస్తుంది. ఫైల్‌కు నకలు తీసుకుని మేనేజ్ రూల్స్ తెరవండి. పైన "దిస్ వర్క్‌షీట్" ఎంచుకోకపోతే అన్నీ కనిపించవు. ఒకటి ఉంచి మిగతావి తీసేయండి, ఉంచినదాని "అప్లైస్ టు" దగ్గర =$ఏ$2:$ఎఫ్$300 అని దిద్దండి. ఉంచిన రూల్ ఫార్ములా ఏ వరుసను చూస్తోందో కూడా సరిచూసుకోవాలి. ఇకపై కంట్రోల్, ఆల్ట్, వి కలిపి నొక్కి, వాల్యూస్ ఎంచుకుని పేస్ట్ చేయండి.

ప్రశ్న: 16 అంకెల నంబర్లలో రెండోసారి వచ్చినవాటిని కౌంట్‌ఇఫ్‌తో గుర్తిస్తుంటే, వేరువేరు నంబర్లకూ రంగు పడుతోంది.

జవాబు: ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా పట్టుకుంటుంది. టెక్స్ట్‌గా దాచినా కౌంట్‌ఇఫ్ వాటిని అంకెలుగా మార్చే పోలుస్తుంది. దాని బదులు =సమ్‌ప్రొడక్ట్(--($ఏ$2:$ఏ$300=$ఏ2))>1 వాడండి. అయితే కొట్టకముందే కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి ఉండాలి. లేకపోతే 16వ అంకె అప్పుడే సున్నా అయిపోయి ఉంటుంది, దాన్ని తిరిగి తెచ్చే ఫార్ములా లేదు.